గుమ్మంలో చెప్పే మంచి మాట

నైలు ఒడ్డున దమియెత్తా ఊరు. ముప్పై ఏళ్ళుగా సేవాసంఘం తరఫున, పోయిన ఆడవాళ్ళకి ఆఖరి స్నానం చేయించిన, ఊరంతా గౌరవంగా 'హాజ్జా' అని పిలిచే ఇన్‌షిరాహ్ ఇల్లు. ఆమెని సన్మానానికి తీసుకెళ్ళడానికి సంఘం కార్యదర్శి విగ్దాన్ వచ్చి చాలాసేపయింది.

"మోకాలు నొప్పి అన్నారు, మందు తెచ్చి రాశాను. బట్టలు నలిగాయన్నారు, ఇస్త్రీ చేశాను. ఇప్పుడేమిటి హాజ్జా, టీ తాగాలా?"

"తాగాలి. నువ్వూ తాగు."

"నాకొద్దు. హాలు నిండిపోయింది, వెనక జనం నిలబడి ఉన్నారు. కింద కారు ఆగి ఉంది. డ్రైవరు హారన్ కొట్టడం మీకు వినపడలేదా?"

"వినపడింది. ఎవరి కారు?"

"లుత్ఫీ గారిది. మీ కోసమే పంపించారు. ఆ కారు ఇంకెవరికైనా పంపుతారా చెప్పండి?"

"శవాల బండిలో ముందు సీట్లో కూర్చుని తిరిగినదాన్ని. ఆ మెత్తటి సీట్లు నాకు పడవు."

"అయితే నడిచే వెళ్దాం. లేవండి."

"నడవాలంటే మోకాలు."

"హాజ్జా, నాతో ఆటలొద్దు. ఈ ఊళ్ళో పోయిన ఆడవాళ్ళలో సగం మందికి ఆఖరి నీళ్ళు మీ చేతి మీదుగానే పడ్డాయి. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్ళారు, ఒక్క ఇంట్లోనూ ఏమీ పుచ్చుకోలేదు. ఒక్క సాయంత్రం కుర్చీలో కూర్చుని నలుగురి చేతా మంచి అనిపించుకోవడానికి ఇంత ఏడుపెందుకు?"

"నేను కడిగినవాళ్ళు ఒక్కరూ లేచి నన్ను పొగడలేదమ్మా. పొగిడించుకోవడం నాకు అలవాటు లేదు."

"అదిగో, మళ్ళీ ఛలోక్తులు."

"ఫాయిజాకి పని అప్పగించేశాను. మెత్తటి చెయ్యి ఆ పిల్లది. నీళ్ళ వేడి మోచేత్తో చూసుకునే పోస్తోంది. ఇంక నాకక్కడేం పని?"

"షీల్డు తీసుకోవడం పని."

"ఎవరిస్తారు?"

"ఏమిటి?"

"ఆ షీల్డు. నా చేతిలో ఎవరు పెడతారు?"

"లుత్ఫీ గారే. ఇంకెవరు? మా బావని పొగడ్డం కాదు గానీ, సంఘం స్నానాల గదిలో పాలరాతి బల్ల వేయించింది ఎవరు? కొత్త బండి ఇచ్చింది ఎవరు? అక్క పోయాక ఆవిడ పేరు మీద సంఘానికి ఎంత చేశారో మీరు చూడలేదా?"

"మోకాలు చాలా నొప్పిగా ఉంది విగ్దాన్."

"ఇందాక కుడి మోకాలు పట్టుకున్నారు. ఇప్పుడు ఎడమది పట్టుకున్నారు."

"ముసలిదాన్ని. రెండూ నొప్పే."

"మీరు రాకపోతే ఆయనకి అందరి ముందూ తల కొట్టేసినట్టవుతుంది. అది ఆలోచించారా? ఉండండి, ఆయనే ఫోను చేస్తున్నారు. హలో. ఆఁ, ఇక్కడే ఉన్నాను. బయల్దేరుతున్నాం. గొడవేం లేదు, మోకాలు. సరే, చెప్తాను. రీమ్ ఏమైనా తిందా? ఒట్టి ముషబ్బకేనా? తీపితో కడుపు నింపేస్తే ఎలాగండీ, కాస్త జున్నూ రొట్టే పెట్టించండి. ఆఁ, వచ్చేస్తున్నాం."

"ఏం చెప్పమన్నాడు?"

"మీరు లేకుండా మొదలుపెట్టనని చెప్పమన్నారు. షీల్డు మీద మాట కూడా ఆయనే రాయించారు, తెలుసా? నేను మామూలుగా 'సేవకు కృతజ్ఞతతో' అని రాసిస్తే కొట్టేశారు."

"కొట్టేసి?"

"'ఇంటింటి గుట్టూ కాపాడిన మనిషికి' అని పెట్టించారు. నాకూ నచ్చింది. పని చేసేవాళ్ళు చాలామంది దొరుకుతారట. నోరు విప్పనివాళ్ళు దొరకరట."

"అలా అన్నాడా."

"అలాగే అన్నారు. ఎందుకలా చూస్తారు?"

"టీ చల్లారిపోయింది. మళ్ళీ పెడతాను."

"మీరు పొయ్యి దగ్గరికి వెళ్తే నేను గ్యాసు కట్టేస్తాను. కూర్చోండి. ఇంకో సంగతి ఉంది. హాల్లో అందరి ముందూ చెబుదామనుకున్నాం, కానీ మీకు ముందే చెప్పాలనిపించింది. సన్మానం అయ్యాక అక్కడే ఫాతిహా చదువుతారు."

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు, ఆ దేవుడి దయ వల్ల! మీకు ఫాతిహా అంటే శవమే గుర్తొస్తుంది. నిశ్చితార్థానికి."

"ఎవరిది?"

"నాది. లుత్ఫీ బావకీ నాకూ."

"నీకూ అతనికీ."

"'మబ్రూక్, శుభం' అనరేం?"

"నీకూ అతనికీనా?"

"ఎన్నిసార్లంటారు? అక్క పోయి నాలుగేళ్ళవుతోంది. రీమ్ నన్నే అమ్మా అంటోంది. రేపు బయటి మనిషెవరో ఆ ఇంటికొస్తే మా నజ్లా కూతుర్ని చూస్తుందా? అక్క మొగుణ్ణి చేసుకోవడం ఈ ఊళ్ళో నేను మొదలుపెట్టిన ఆచారం కాదు."

"పాప కోసమైతే పాపని చూసుకో. పెళ్ళెందుకు?"

"పెళ్ళి కాకుండా ఆ ఇంట్లోకి రోజూ వెళ్ళొస్తుంటే ఊరు ఊరుకుంటుందా? ఈ ఊరు ఎరగనట్టు మాట్లాడతారేం?"

"కొన్నాళ్ళు ఆగు."

"ఎందుకు?"

"ఊరికే. రంజాన్ వెళ్ళాక చూసుకోవచ్చు."

"ఎందుకు హాజ్జా?"

"ఎందుకని నన్నడుగుతావేం? నేను స్నానాలు చేయించేదాన్ని. సంబంధాలు చూసేదాన్ని కాదు."

"స్నానాలు చేయించేదాన్నే అడుగుతున్నా. ఆ రోజు నన్ను గదిలోంచి ఎందుకు పంపేశారు?"

"ఏ రోజు?"

"ఏ రోజో మీకు తెలుసు. అక్కకి నీళ్ళు పొయ్యడానికి తోబుట్టువు ఉండాలన్నారు. చెంబు నా చేతికి మీరే ఇచ్చారు. దుప్పటి కాస్త తీశారో లేదో, చెంబు లాక్కుని నన్ను బయటికి నెట్టి గడియ పెట్టారు."

"నువ్వు ఏడుస్తున్నావు. ఏడిస్తే..."

"నేను ఏడవలేదు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు."

"చిన్న గది. ఇరుకు."

"మంచం తీసేస్తే నలుగురు తిరగొచ్చు ఆ గదిలో. ఆ తరవాత ఎన్ని ఇళ్ళలో మీ పక్కన నిలబడి నీళ్ళు పోశాను! ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన కూతుళ్ళని కూడా మీరు బయటికి పంపలేదు. గోడకి చేరేసి కూర్చోబెట్టారు. నన్నొక్కదాన్నే పంపారు."

"విగ్దాన్, పోయినవాళ్ళ సంగతి నన్నడక్కు. అడిగి నన్ను పాపంలోకి లాగకు. కడిగే చెయ్యి చూసింది నోరు చెప్పకూడదు. మా అత్త దగ్గర పని నేర్చుకున్న రోజే ఒట్టేశాను."

"చెడ్డ చూస్తే చెప్పకూడదు. మంచి చూస్తే చెప్పొచ్చుగా? ప్రతి ఇంట్లో చెప్తారుగా? తలుపు తీసి గుమ్మంలో నిలబడి ఒక్క మంచి మాట. 'నిద్రపోతున్నట్టుంది', 'ముఖం వెలిగిపోతోంది' అని. ఆ ఒక్క మాట పట్టుకుని జనం ఎన్నేళ్ళు బతుకుతారో మీకు తెలుసు. ముగ్గురు కోడళ్ళని పీక్కుతిన్న ముసలి తహియ్యాకి కూడా చెప్పారు, 'నుదురు చల్లగా ఉంది' అని."

"చల్లగానే ఉంది. అబద్ధం చెప్పలేదు."

"మా అక్కకి ఆ మాత్రమూ చెప్పలేదు. తలుపు తీశారు. మేమంతా మీ నోటి వంకే చూస్తున్నాం. మా అమ్మ మీ చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. దానికి ఊరు ఏం అర్థం తీసిందో తెలుసా?"

"ఏమని?"

"నజ్లా ఏదో పాపం చేసి పోయిందని. ముఖం నల్లబడిందని. అందుకే కడిగిన మనిషికి మంచి మాట దొరకలేదని. కాఫీ కప్పులు అందిస్తూ వంటింట్లోనే మొదలుపెట్టారు గుసగుసలు."

"ఎవరన్నారా మాట?"

"ఎవరనలేదు? అమ్మ నమ్మింది. రెండేళ్ళు నమాజు చాప మీద పడి ఏడ్చింది. నా బిడ్డ ఏం చేసిందో నాకు తెలీదు తండ్రీ, నువ్వు క్షమించు అని. ఆ బెంగతోనే మంచం పట్టి పోయింది. అమ్మకీ మీరే కడిగారు. గుమ్మంలోకి వచ్చి 'నవ్వుతోంది' అన్నారు. మిమ్మల్ని కొట్టాలనిపించింది నాకు."

"మీ అమ్మ అలా అనుకుందా? నజ్లా గురించా?"

"నేనూ అనుకున్నాను."

"అయ్యో. అయ్యో పిచ్చిదానా, ఒక్కసారి నా దగ్గరికి రావచ్చుగా?"

"వచ్చి ఏమని అడగను? మా అక్క చేసిన పాపం ఏమిటో చెప్పమనా?"

"నాతో ఎవరూ ఒక్క ముక్క అనలేదు. నేను నోరు మూసుకుంటే పోయినదాని పరువు నిలబడుతుందనుకున్నా. దాని పరువే తీశానన్నమాట."

"అయితే ఇప్పుడు చెప్పండి. అమ్మ వినకపోయినా నేను వింటాను. ఏదైనా ఒక్క మంచి మాట చెప్పండి. లేకపోతే లేదని చెప్పండి."

"నజ్లా ముఖం వెలిగిపోయింది. వింటున్నావా? అంత తేట ముఖం నా చేతుల్లో ఎక్కువసార్లు పడలేదు. పాలు తాగి పడుకున్న పసిపిల్లలా ఉంది."

"నిజంగానా?"

"గుమ్మంలో మాట ఎప్పుడూ నిజమే."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు హాజ్జా? అమ్మ చెయ్యి పట్టుకుంటే ఎందుకు చెప్పలేదు?"

"గుమ్మంలో అతను నిలబడి ఉన్నాడు."

"ఎవరు? బావా?"

"మీరంతా మంచి మాట కోసం నా నోటి వంక చూస్తున్నారు. అతనూ నా నోటి వంకే చూస్తున్నాడు, కానీ మంచి మాట కోసం కాదు. నోరు తెరిస్తే ముఖం దగ్గర ఆగలేనేమోనని భయమేసింది. అందుకే దిగి వెళ్ళిపోయా."

"ముఖం దగ్గర ఆగకపోతే? ఇంకేముంది చెప్పడానికి?"

"ముఖం గురించి చెప్పేశాను. నేను చెప్పదగ్గది అంతే."

"బాత్రూంలో కాలు జారిందన్నారు."

"అవును, అన్నారు."

"డాక్టరూ అదే అన్నాడు. డాక్టరు... ఆయన గదిలోకే రాలేదు కదూ? ముందు గదిలో బావ పక్కన కూర్చుని కాఫీ తాగి, సంతకం పెట్టి వెళ్ళాడు. దుప్పటి తీసింది మీరొక్కరే."

"సాయంత్రం మగ్రిబ్ నమాజుకి అజాన్ ఇచ్చేస్తారు. కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవాలి నేను."

"కాలు జారిన ఒంటిని చెల్లెలు చూస్తే ఏమవుతుంది? నన్ను చూసి చెప్పండి. కాలు జారినదాని దగ్గర్నుంచి చెల్లెల్ని ఎందుకు నెట్టేస్తారు?"

"నీ ఫోను మోగుతోంది."

"మోగనివ్వండి."

"కింద హారన్ కూడా."

"కొట్టుకోనివ్వండి. నేను ఇంకో గంటలో ఆ మనిషి పక్కన కూర్చోవాలి. మీకు నోరు రావడం లేదా?"

"ఒట్టు తప్పించకు నా చేత. ముప్పై ఏళ్ళు మోసిన ఒట్టు. పోయినదాని ఒంటి మీద ఏముందో అడక్కు, నీకు దణ్ణం పెడతాను."

"సరే, అడగను. ఏమీ లేదనుకుంటాను. ఏమీ లేకపోతే రండి నాతో. ఆయన చేతిలోంచి షీల్డు తీసుకోండి. దాని మీద మాట అందరూ వినేలా చదివించుకోండి. నాకు మబ్రూక్ చెప్పి ఫాతిహాకి నా పక్కనే నిలబడండి. లేవండి హాజ్జా."

"లేవలేను."

"మోకాలేనా?"

"మోకాలు కాదు."

"మరేమిటి?"

"ఇవాళ్టితో ఈ పని మానేశానమ్మా. అతని ఇంటికి నన్ను రెండోసారి పిలిపించకు."