విమానం దాకా వెళ్లిన పోపు

సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సులు లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు తాళాలు పడ్డాయి. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో దానికే తెలియదు. అయినా మన్సూరాబాద్‌లో కౌసల్యమ్మ ఇంట్లో మాత్రం సాయంత్రమయ్యేసరికి టీవీ ముందు కొలువు తీరేది. వంటల పోటీ చివరికొచ్చింది మరి. అంతమందిలో ఇద్దరే మిగిలారు. వాళ్లలో గెలిచేదెవరో ఆ రోజు తేలిపోతుంది.

పక్కింటి అండాలమ్మ ఎప్పటిలాగే గుమ్మానికి ఎదురుగా, ఫ్యాను కింద కుర్చీ పట్టింది. చిట్యాల దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడ సొంతిల్లు కట్టుకున్న మనిషి. చెయ్యి ఎంత పెద్దదో నోరు అంతకు రెండింతలు. మేడ మీద కిరాయికి ఉండే ఈరమ్మ చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఈనెలు తీస్తూ కింద కూర్చుంది. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే కోడలు అమల, సెలవు కాబట్టి, అందరికీ టీ పెట్టి తెచ్చింది.

ఆ టీ గ్లాసు అందుకునేటప్పుడే కౌసల్యమ్మకు ప్రాణం చివుక్కుమనేది.

వినాయక చవితి ముందు ఒకరోజు ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి, పెరట్లో కరివేపాకు కోద్దామని వెళ్లి, ఎందుకు వెళ్లిందో మరిచిపోయి, ఎదురింటావిడతో మాటల్లో పడింది. గిన్నె మాడి ఇల్లంతా పొగ. అమల కిటికీలన్నీ తెరిచి, మాడిన గిన్నె తోమి పెట్టింది. కాని మర్నాటి నుంచి పొయ్యి లైటరు కోడలి బీరువాలోకి చేరింది. నలభై మంది పెళ్లివారికి ఒంటి చేత్తో వండి వడ్డించిన మనిషి తన ఇంట్లో కప్పు టీ పెట్టుకోవడానికి లేకుండా పోయింది. లైటరు అడగొచ్చు. అడిగితే ఇవ్వదని కాదు ఆవిడ భయం. ఇచ్చి, వెనకాలే నిలబడి చూస్తుందేమోనని.

అప్పటి నుంచి ఎవరూ చూడనప్పుడు కౌసల్యమ్మ తనకు తానే పరీక్ష పెట్టుకునేది. తెనాలి నుంచి పెళ్లికి తెచ్చుకున్న సామాను వరసగా చెప్పుకునేది. గంగాళం, గుండిగ, రెండు బిందెలు, కాఫీ మరచెంబు... ఒక్కోరోజు మరచెంబు దగ్గర ఆగిపోయేది.

"గా పళ్లెం చూడున్రి," అంది అండాలమ్మ టీవీలోకి వేలు చూపిస్తూ. "బండి చక్రమంత పళ్లెం, దాంట్ల గోరంత కూర. మీద ఆకు ఒకటి నిలబెట్టిండు. మేకకా పెడుతున్నడు?"

"జడ్జీలు మెచ్చుకుంటున్నరు గద అక్కా," అంది ఈరమ్మ.

"ఆకలి లేనోళ్లు ఏమన్న మెచ్చుకుంటరు."

తెల్లటోపీ జడ్జీ చెంచా నోటి దాకా తీసుకువెళ్లాడు. పోటీవాళ్లిద్దరూ చేతులు పట్టుకుని కళ్లు మూసుకున్నారు. చెంచా నోట్లోకి వెళ్లబోయింది. కరెంటు పోయింది.

"అయ్యో!" అని ఈరమ్మ నెత్తి కొట్టుకుంది. అమల చార్జింగ్ లైటు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇక ఆ చెంచా జడ్జీ నోట్లోకి ఎప్పుడు వెళ్తుందో దేవుడికెరుక.

"పోనీ తియ్," అంది అండాలమ్మ కుర్చీలో సర్దుకుని. "గాడు తింటే ఎంత, తినకుంటే ఎంత. అసలు వంట అంటే మొన్న ఎండాకాలం పోయినంక ఎల్బీనగర్ రోడ్డు మీద వంటా వార్పు జరిగిందే, గది వంట. ఊరోళ్లంత రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, అక్కడనే వండి, అక్కడనే తినుడు. నేనేం గొప్ప పని చెయ్యలే. అందరు చేసినట్టే మన కాలనీ తరఫున ఇంత పప్పుచారు పెట్టిన, గంతే."

"గంతేనా?" అంది ఈరమ్మ.

"గంతే. జర పోపు ఏసిన. ఆ పోపే కొంప ముంచింది. నూనెల ఆవాలు చిటచిటమన్నయా, ఎండుమిరపకాయ ఏసిన, ఎల్లిగడ్డ దంచి ఏసిన, కరివేపాకు ఏసిన, ఆ సప్పుడుకు రోడ్డు మీద నినాదాలు చెప్పేటోళ్లు నోరు మూసుకున్నరు. ఎందుకు మూసుకున్నరో ఎరుకేనా? నోట్ల నీళ్లూరి మాట రాలే!"

ఈరమ్మ కిసుక్కుమంది. అమల గోడకు ఆనుకుని కూర్చుంది.

"మంట గురించి చెప్పనే లే. అడ్డమైన కట్టెలు కావు, ఒక్కోటి దూలమంత. మంట నా నెత్తి దాటి లేచింది. గుండిగ అడుగు నల్లగ బొగ్గయి, మళ్ల ఎర్రగ కాలి, నిప్పుకణిక లెక్క అయింది. గా వాసన గాలికి లేసి కొత్తపేట పండ్ల మార్కెట్ దాక పోయింది. మామిడిపండ్లు అమ్ముకునేటోళ్లు బుట్టలు ఆడనే ఇడిసిపెట్టి వచ్చిన్రు. మామిడిపండ్ల కాలంల మామిడిపండ్లు ఒద్దని పప్పుచారు కోసం వచ్చిన్రంటే అర్థం చేసుకోండ్రి!"

"మరి పోలీసులు రాలేదా ఆంటీ?" అంది అమల నవ్వాపుకుంటూ.

"ఎందుకు రారు బిడ్డా? లాఠీలు పట్టుకొని వచ్చిన్రు. పెద్దసారు మూతి బిగించి నా ముందల నిలబడ్డడు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? లాఠీ నా చేతుల పెట్టిండు. 'అమ్మా, గంటె పొట్టిగున్నది, దీంతోని కలుపు' అన్నడు."

"లాఠీతోని కలిపినవా?" అంది ఈరమ్మ.

"కడిగి కలిపిన. నాకు శుభ్రం లేదనుకున్నవా ఏంది? ఇగ తుర్కయంజాల్ దిక్కు నుంచి జనం సాగర్ రోడ్డు పట్టుకొని నడిసి వస్తున్నరు. ఎవ్వల చేతుల చూసినా గిన్నెనే. పోస్తున్న, పోస్తున్న, పోస్తనే ఉన్న. నీళ్లు సాలక సరూర్‌నగర్ చెరువు నుంచి తెచ్చిన్రు. ఉల్లిగడ్డలు కోసేటోళ్ల కండ్ల నీళ్లకు ఆ చెరువు మళ్ల నిండింది!"

"ఉప్పు సరిపోయిందా ఆ చెరువుకు?" అంది అమల.

ఆ చురక అండాలమ్మకు తగల్లేదు. ముందుకే వెళ్లింది. "గప్పుడే ఈ తెల్లటోపీ జడ్జీ లేడూ, గాయన కారు జనంల ఇరికింది. దిగి వచ్చిండు. ఒక్క గుటక తాగిండు. టోపీ తీసి నా కాళ్ల కాడ పెట్టి, 'అమ్మా, నువ్వుండంగ మాకెందుకు పోటీలు, రేపటి నుంచి బందు పెడుతం' అన్నడు. నేనే వద్దన్న. పిల్లలు బతకాలె, నడపున్రి అన్న. నేను ఊ అంటే మీకీ పోగ్రామే లేదు!"

"నీ పుణ్యమా అని చూస్తున్నం," అంది ఈరమ్మ.

"ఇంకా ఇను. శంషాబాద్ పోయే విమానం మీదికెళ్లి పోతున్నది. డ్రైవరుకు వాసన తగిలింది. చౌరస్తా మీద గుండ్రంగ తిప్పుతున్నడు, తిప్పుతున్నడు, కిందికి దించుతున్నడు. కరెంటు తీగెలకు జానెడు మీద ఆపిండు. కిటికీలకెళ్లి చేతులు చాపి టిఫిన్ డబ్బాలు చీరలకు కట్టి కిందికి ఇడిసిన్రు. అన్నిటిల పోసిన. ఒక్కరినన్న ఉత్తగ పంపలే."

గదిలో నవ్వులు గోడలకు తగిలాయి. కౌసల్యమ్మ కూడా నవ్వింది. గుండిగ అన్న మాట విన్నప్పటి నుంచి మాత్రం ఆవిడ లోపల ఏదో కదులుతోంది. వేళ్ల సందుల్లో తడి మట్టి. బావి గట్టు లాంటి ఇత్తడి అంచు. ఒక వాన వాసన.

"గంత మందికి పోసినా గుండిగల చారు తరగలే," అంది అండాలమ్మ. "గుండిగ ఎవ్వరిదనుకున్నరు? ఈ కౌసల్య వదినెదే. అడుగు మసి వదలక మూడు దినాలు తోమి తెచ్చిచ్చిన. చేతులు బొబ్బలెక్కినయి. అబద్ధమైతే వదినెను అడుగున్రి." అంటూనే నాలిక్కరుచుకుని, మెత్తగా, జాలిగా అంది. "పాపం, వదినెకు యాదుండదు తియ్."

నవ్వు ఆగింది. అమల తల వంచుకుని గాజు సర్దుకుంది. ఆ వంచుకోవడం కౌసల్యమ్మ చూసింది. అండాలమ్మ మాట కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆవిడకు గుర్తుంది. కాని ఆ గుర్తును నమ్మొచ్చా? ఈ మధ్య కల ఏదో, జరిగింది ఏదో కలిసిపోతున్నాయి. ఇప్పుడు నోరు విప్పి, తీరా గుండిగ నల్లగా బయటపడితే, లైటరు ఇక ఈ జన్మకు బీరువా దాటదు. ఊరుకుంటే కనీసం ఉన్న పరువు ఉంటుంది. ఆవిడ చీర కొంగు మెలిపెడుతూ మళ్లీ వరస మొదలుపెట్టింది. గంగాళం, గుండిగ, రెండు బిందెలు, మరచెంబు... ఆగలేదు. మరచెంబు తరవాత పన్నీరు బుడ్డి కూడా వచ్చింది.

"అమలా," అంది. "మన గుండిగ అటక మీదుంది. పాత పరుపు వెనకాల, గోడ మూలకి. బోర్లించి ఉంటుంది. ఒకసారి దింపు తల్లీ."

"ఇప్పుడా అత్తయ్యా? చీకట్లో..."

"ఇప్పుడే."

అమల స్టూలు వేసుకుని లైటుతో ఎక్కింది. పరుపు జరిపిన చప్పుడు. దుమ్ము. కౌసల్యమ్మ స్టూలు గట్టిగా పట్టుకుంది.

"ఉందత్తయ్యా," అంది పైనుంచి అమల. "మీరు చెప్పిన చోటే ఉంది."

గుండిగను నేల మీద బోర్లించారు. ఈరమ్మ లైటు దగ్గరికి తెచ్చింది. అడుగంతా ఎర్రమట్టీ బూడిదా కలిపి పూసిన పూత. ఎండి, లేత రంగు తిరిగి, చెక్కు చెదరకుండా ఉంది. అందులో నాలుగు వేళ్ల గీతలు కూడా. ఎక్కడా మసి అన్నది లేదు.

"కట్టెల పొయ్యికి ఇచ్చేటప్పుడు అడుగున మట్టి పూసి ఇవ్వాలని మా అమ్మ నేర్పింది," అంది కౌసల్యమ్మ, మెల్లిగా, ఒక్కో మాటా తూచినట్టు. "మసి మట్టికే అంటుతుంది, కడిగితే మట్టితో పాటే పోతుంది. ఆ రోజు మావాడు ఉపేంద్ర 'మనకెందుకమ్మా' అంటాడని, కన్నకొడుక్కి కూడా చెప్పకుండా, పూసి, గోడ మీంచి నీకు అందించాను అండాలూ. సాయంత్రం నువ్వు తెచ్చిచ్చావు. మూడు రోజులకు కాదు, ఆ సాయంత్రమే. నా పూత నాకే తిరిగొచ్చింది. మళ్లీ వంటా వార్పు పెడితే పనికొస్తుందిలే, ఇంకోసారి పూయడం ఎందుకని అలాగే అటకెక్కించాను." ఆవిడ గీతల్లో తన నాలుగు వేళ్లూ ఆనించింది. సరిగ్గా సరిపోయాయి. "పొద్దున వాన దంచింది కదూ ఆ రోజు? మీ కట్టెలు తడిసిపోయాయి కదూ?"

ఈరమ్మ కాలు తగిలి పళ్లెంలో చిక్కుడుకాయలు నేల మీద పడ్డాయి. "ఓ యక్కా! విమానం ఆపిన చారు పొయ్యే ఎక్కలేదా?"

అండాలమ్మ గుండిగ వంక చూసింది, వేళ్ల వంక చూసింది, కప్పు వంక చూసింది. "వాన కొట్టింది నిజమే," అంది. "పక్క కాలనీ పొయ్యి కాడనే తిన్నం అందరం." అంతలోనే గడ్డం పైకెత్తింది. "అయితే ఏంది? మంట లేకుంటనే ఉడికింది నా పప్పు. గందుకే గదా విమానం ఆగింది!"

ఇల్లంతా మళ్లీ నవ్వు. ఆ నవ్వులో అమల లేచి లోపలికి వెళ్లడం కౌసల్యమ్మ గమనించలేదు. బీరువా తలుపు కిర్రుమన్నప్పుడు మాత్రం గమనించింది.

అమల వచ్చి లైటరు ఆవిడ చేతిలో పెట్టింది. "ఇంకో విడత టీ పడితే బాగుండు అత్తయ్యా. మీరు పెడతారా? నేనిక్కడే కూర్చుంటాను, కాళ్లు లాగుతున్నాయి."

కౌసల్యమ్మ వంటింట్లోకి వెళ్లింది. వెనకాల ఎవరూ రాలేదు. పొయ్యి ఒక్క నొక్కుకే వెలిగింది. పాలగిన్నె పెట్టి, దాని ముందు నుంచి కదలకుండా నిలబడింది.

"వదినా!" ముందు గదిలోంచి అండాలమ్మ కేకేసింది. "నాకు జర చక్కెర ఎక్కువ ఎయ్యి. మరిచేవు!"

"నీకు చక్కెర లేదు అండాలూ," అంది కౌసల్యమ్మ పాల మీది నుంచి చూపు తిప్పకుండా. "బతుకమ్మ ముందు దవాఖానకు వెళ్లొచ్చి షుగరుందన్నారని నువ్వే చెప్పావు. అదీ నాకు గుర్తుంది."