ఊపిరితిత్తి పేరున్న మొక్క

ఆసుపత్రిలో తెర అవతలి మంచం మీద, రాళ్లు కొట్టి కొట్టి ఊపిరి చెడిన ఒక తండ్రి. పక్కన కాలేజీ చదివే కూతురు.

“ఆసుపత్రికి పళ్లు తెస్తారు గానీ పూలకుండీ తెస్తారా పిచ్చితల్లీ? ఆకుల మీద సున్నం చిలకరించినట్టు ఆ మచ్చలేంటి?”

“మా కాలేజీ తోటలోది నాన్నా. లంగ్‌వర్ట్ అంటారు. లంగ్ అంటే ఊపిరితిత్తి, వర్ట్ అంటే పాత ఇంగ్లీషులో మొక్క.”

“మొక్కకి ఊపిరితిత్తి పేరెందుకు?”

“మచ్చల ఆకు జబ్బుపడ్డ ఊపిరితిత్తిలా ఉందని. అందుకే ఆ జబ్బుకి ఇదే మందనుకున్నారట, పూర్వం.”

“మరి తగ్గిందా వాళ్లకి?”

“పేరు మాత్రం నిలిచింది నాన్నా.”

“మాట దాటెయ్యడం అచ్చం మీ అమ్మే. పొద్దున డాక్టరు నిన్ను బయటికి పిలిచి ఏం చెప్పాడు?”

“మందులు మారుస్తాడట.”

“నాకు చూపించకుండా దాచావే, ఆ ఎక్స్‌రే కూడా ఈ ఆకులాగే ఉందా?”

“ఉంది నాన్నా.”

“ఏడవకు. ఆ గ్లాసులో నీళ్లు ఇలా ఇవ్వు.”

“దాహమా?”

“నాకు కాదే, దానికి. మచ్చలున్నా బతికేది మా ఇద్దరిలో అదొక్కటే.”