మోకాలెత్తు పిట్టగోడ

హైదరాబాద్ పాతబస్తీ, జహనుమాలో గోడకు గోడ ఆనుకుని ఇళ్లున్న ఒక గల్లీ. మిట్టమధ్యాహ్నం. శారదమ్మ గుమ్మం దగ్గర ఆమె, పక్కింటి వామన్‌రావు, తాపీమేస్త్రి సీమోను.

"గోడ సంగతి కాదు శారదమ్మా, రూలు సంగతి. బస్తీ కమిటీ రూలు. మిద్దెకు మిద్దెకు నడుమ మోకాలెత్తు పిట్టగోడే ఉండాలె. ఆపైన ఒక్క ఇటుక పెట్టొద్దు."

"నా మిద్దె మీద నేను పెట్టుకుంటున్న వామన్‌రావు సారూ. మీ మిద్దె మీద పెట్టిన్నా?"

"మా మిద్దెకు ఆనిచ్చి కడుతున్నరు గదా."

"ఎవలన్నరు? బెత్తెడు జాగ ఇడిసిపెట్టి కడుతున్న. ఈ మేస్త్రినే అడుగుండ్రి. ఏం సీమోనూ?"

"అవు సార్, ఇడిసిపెట్టినం. సిమెంటు కలిపి వచ్చిన సార్, గట్టిపడ్తది. నేను పైకి పోనా?"

"ఆగు! కమిటీ ప్రెసిడెంట్‌ను, నేనిక్కడ నిలబడి మాట్లాడుతుంటే పైకి పోతవా? నువ్వు కూడ వినాలె. రేపు కూలగొట్టాల్సి వస్తే నిన్నే పిలుస్తరు."

"కూలగొడ్తరా? ఎట్ల కూలగొడ్తరో నేను గూడ చూస్త! ఏం రూలు సారూ మీది? బర్రెలు బస్తీల ఉండొద్దంటిరి, వాసనంటిరి. మా అత్త కాపురానికొచ్చిన నాటి సంది ఉన్న పాడి, ఏడ్చుకుంట తోలేసినం. మెట్టు గల్లీలకొచ్చిందంటిరి, పలగ్గొట్టినం. మా నందు పెండ్లికి మైకు పెట్టొద్దంటిరి, పెట్టలే. ఇగ మిద్దె మీద గోడ గూడ మీరు చెప్పినంతే ఉండాల్నా? ఇంటిపన్ను మీ కమిటీ కడ్తదా?"

"కోపం చేయకండి. ఆ రూలు ఎందుకొచ్చిందో జర యాది చేసుకోండి. కర్ఫ్యూ పెట్టిన దినాల్ల గల్లీల కాలు పెట్టనిస్తుండెనా ఎవరైనా? పాలు, బియ్యం, మందుబిళ్లలు, అన్ని మిద్దెల మీది నుంచే గదా వచ్చింది. మీ నందు పుట్టినప్పుడు మంత్రసానిని ఎట్ల తెచ్చినం? గల్లీ కొసకున్న ఇంటి నుంచి మిద్దెలన్ని దాటించుకుంట తెచ్చినం."

"తెచ్చిండ్రు. నేను కాదంటున్ననా? మీ మేలు మర్వలే. గని ఇప్పుడేడిది సారూ కర్ఫ్యూ? ఆ దినాలు పోయినయి. ఇప్పుడు పిట్టగోడ పొట్టిగుంటే ఎవలు వస్తున్నరో, ఎవలు పోతున్నరో..."

"ఎవరు పోతున్నరు?"

"ఏం లేదు, పోనియ్యుండ్రి."

"దొంగలా?"

"దొంగలైతే నాకేం ఫికర్ లేకుండె. మీకు తెల్వనట్టు అడుగుతరేంది సారూ? మా కోడలు, కీర్తిప్రియ. జర చీకటైతె చాలు, మీ మిద్దె మీదికి దాటుడు, మీ ఇంట్లామెతోని గుసగుసలు. ఆమె ఫోన్ల నుంచి దాని అన్నకు ఫోన్లు. మా ఇంట్ల ఏం కూర వండుకున్నమో గూడ బస్తీకి తెల్వవట్టె."

"మా సూర్యప్రభకు నేను గట్టిగ చెప్పిన. ఇంకొకళ్ల ఇంట్ల తలదూర్చొద్దని."

"చెప్పిండ్రా?"

"చెప్పిన. కట్టుబాటంటే కట్టుబాటే. గోడకైనా అంతే, మనిషికైనా అంతే."

"అగో! గా మాట అన్నరు, నా పాణం నిమ్మలమైంది. గా మాటనే మీ ఇంట్లామెకు..."

"అమ్మా, మళ్ల తలుపు కొడుతున్నది."

"నీ పని నువ్వు చూసుకో సీమోనూ."

"పొద్దుగాల సంది కొడుతనే ఉన్నది అమ్మా. నీళ్లు నీళ్లు అంటున్నది. గొళ్లెం తీస్తనంటే నువ్వే వద్దంటివి."

"కోడలికి జ్వరం సారూ. జ్వరంల గట్లనే పలవరిస్తది. గాలికి బయట తిరగొద్దని మిద్దె మీది రూముల ఉంచి గొళ్లెం పెట్టిన. అంతే."

"జ్వరమొస్తే నీళ్లియ్యరా సార్? మీరు పెద్దమనిషి. మీరన్న ఒక మాట చెప్పుండ్రి."

"మేస్త్రీ! నిన్ను గోడ కట్టనీకె పిలిచిండ్రా, పంచాయితీ చెప్పనీకె పిలిచిండ్రా?"

"అది కాదు సార్, ఆమె..."

"అది వాళ్లింటి సంగతి. మనది గోడ సంగతి."

"...సరే సార్."

"గట్ల బుద్ధి చెప్పుండ్రి సారూ. ఊకె నోరు పెడ్తడు. ఉండుండ్రి, నేను ఒక్కపారి పైకి పోయి దాని లొల్లి బంద్ చేసి వస్త. గల్లీ అంత ఇంటున్నది."

"పొండి. మీరట్ల పైకి పోంగనే నేనిట్ల మున్సిపల్ ఆఫీసుకు ఫోన్ చేస్త. పర్మిషన్ లేని గోడ అని చెప్త. వాళ్లొస్తే గోడ ఒక్కటే చూసి పోతరా? ఇల్లంత చూస్తరు, రూములన్ని చూస్తరు."

"...బెదిరిస్తున్నరా సారూ?"

"రూలు చెప్తున్న. ఇటు రండి. గల్లీలకు రండి ఒకసారి. ఇక్కడ నిలబడి చూస్తే మీకే అర్థమైతది. కిటికీ మీది ఆ సజ్జా చూడండి, ఎంత ముందుకొచ్చిందో."

"సజ్జా పోయినేడు ఏసింది గదా! మస్తుగుందని మీరే అంటిరి."

"అప్పుడు కొలువలే. మేస్త్రీ, టేపు ఉన్నదా? కొలువు."

"పైన ఉన్నది సార్. ఉరికి తెస్త."

"వద్దు! టేపు వద్దు. జానతోని కొలువు."

"సజ్జా జానతోని కొలవాల్నా సార్?"

"చెప్పింది చెయ్యి. శారదమ్మా, ఇంటి మగమనిషి లేకుంటే ఈ మాటలు తెగవు. నందు లేడా?"

"బేగంబజార్ల, గిన్నెల దుకాన్ల ఉండె. బయలెల్లిండు. దోస్తు జీపు తీసుకొని వస్తుండు."

"జీపెందుకు?"

"మీకు చెప్తే ఏం సారూ, మీరు కట్టుబాటు తెలిసినోళ్లు. దాన్ని మా అన్న కాడికి తోలిస్తున్నం. అది అడవి జాగ. ఫోన్లు గిట్ల అందవు, బస్సు రాదు. ఆడ పడి ఉంటే బుద్ధి వస్తది. నర్సు నౌకరట! రేపే పోయి చేరాల్నట. రాత్రి డ్యూటీలట. మొగడు వద్దన్నంక వద్దనే గదా? 'నేను చదివిన చదువు, నేను పోత' అని వాని ముంగట నిలవడ్డది. వాడు గూడ ఏం చేస్తడు, కోపానికొచ్చి ఒక దెబ్బ ఏసిండు."

"ఒక దెబ్బ కాదు సార్. నేను కిటికీల నుంచి చూసిన. చెయ్యి ఇంత లావు వాచింది, పైకి లేస్తలేదు. ఇగ జీపుల ఎక్కిస్తే ఆమె మళ్ల..."

"సీమోనూ! ఇంకొక్క మాట మాట్లాడితే నీ తాపీ గల్లీల ఇసిరేస్త. నా ఇల్లు. నా గోడ. నా కోడలు. నడుమ ఎవనికేం పని?"

"నిజమే. ఎవరికీ పనిలేదు."

"చూసినవా? సారు గూడ అదే అంటుండు."

"నందు... ఏడిదాక వచ్చిండో ఫోన్ చేసిండా?"

"ఇంతకుముందే చేసిండు. గీ పాటికి శాలిబండ దాటిండొచ్చు. ఏంది సారూ, గట్ల చెమటలు పోస్తున్నయి మీకు?"

"ఎండ."

"అయ్యో, నీళ్లు తెస్తనుండుండ్రి."

"వద్దు! లోపలికి పోవద్దు... అంటే, నేను ఎక్కడ పడితే అక్కడ నీళ్లు తాగను."

"ఎక్కడ పడితే అక్కడనా? ఇన్నేండ్లు మా పాలు తాగిండ్రు గదా సారూ!"

"...పాలు వేరు."

"మంచిగుంది! పాలు వేరట! బర్రెలు పోయినంక మేము గూడ వేరైతిమి. ఇగో సారూ, నాకు గిసువంటి మాటలు నచ్చవు. మీకు మర్యాద ఇస్తున్ననంటే..."

"అమ్మా... చప్పుడు ఆగింది."

"ఆగిందా? ఆగనియ్యి. అలిసిపోయి పండుంటది."

"గిట్ల ఒక్కపారిగ ఆగిందేంది? ఇప్పటిదాక దబదబ కొట్టిన మనిషి. అమ్మా, కిందపడ్డదో ఏమో. నేను పోయి చూస్త."

"నిలబడు మేస్త్రీ!"

"సార్, నాకు బుగులైతున్నది సార్. కిటికీల నుంచి ఒక్కసారి చూసి వస్త, మీ కాళ్లు మొక్కుత."

"కదలొద్దన్న గదా! సజ్జా ఎన్ని జానలైంది? అది చెప్పు ముందు."

"లోపల మనిషి పాణం పోతుంటే మీకు సజ్జా గావాల్నా? మీరు మనిషేనా సార్?"

"ఎన్ని జానలని అడుగుతున్న."

"...లెక్క పెట్టలే సార్."

"మళ్ల మొదటి నుంచి పెట్టు."

"అగో, జీపు. మా నందు వచ్చిండు. ఇగ వానితోనే మాట్లాడుకోండ్రి సారూ, నాతోని గాదు. నందూ! రా బిడ్డా!"

"ఏందమ్మా, అందరు గల్లీల నిలవడ్డరు? గోడ లేసిందా?"

"ఏడ లేసింది బిడ్డా? గీ సారు లేవనిస్తేనా? పొద్దంత రూలు రూలు అనుకుంట పాణం తింటుండు."

"వామన్‌రావు సార్, జరుగుండ్రి. మీ రూలు రేపు చూద్దాం. దాన్ని జీపుల ఎక్కించాలె, నాకు టైం లేదు."

"జరగను. ముందు నీ జీపు తియ్యి నందూ. గల్లీల బండ్లు నిలపొద్దని బోర్డు పెట్టినం."

"ఒక్క నిమిషం సార్. ఎక్కించుకొని పోతనే ఉన్న."

"ఒక్క నిమిషం కూడ కుదరదు."

"సార్, మర్యాదగ చెప్తున్న. గుమ్మంల నుంచి జరుగుండ్రి."

"ఏం, బోర్డు చదవరాదా నీకు? మీ నాయిన ఇట్లనే మొండి. బర్రెల నడుమ పెరిగితే అక్షరం ఎక్కడి నుంచి వస్తది?"

"ఏమన్నవ్?"

"విన్నవు గదా."

"మా నాయిననంటవా! మా నాయిన పోసిన పాలు తాగి, మా వాకిట్ల నిలవడి మా నాయిననంటవా!"

"నందూ, వద్దు బిడ్డా! పెద్దమనిషి, చెయ్యి తియ్యి! గల్లీ అంత చూస్తున్నది!"

"చూడనియ్యి! ఏం ముసలోడా, ఇంకొక్కసారి అను!"

"అంట. వందసార్లంట. గొంతు... గొంతు పట్టుకున్నా అంట."

"నందన్నా, ఇడువు అన్నా! ఆయన కండ్లు తేలేస్తుండు. ఇడువు!"

"నువ్వు జరుగు సీమోనూ! ఈయన సంగతి చూసినంకనే పైకి పోత."

"అట్లనే... నా సంగతే చూడు ముందు."

"బిడ్డా, సారు ఫోన్ మోగుతున్నది. ఇడువు, నా మాటిను. ఏమన్నైతే మన మీదికొస్తది."

"...ఇడిసిన. మాట్లాడుకో. మాట్లాడినంక చెప్త నీ సంగతి."

"హలో... ఆఁ, సూర్యప్రభా. లేదు, ఏం లేదు, దగ్గు. నువ్వు చెప్పు, ఏడున్నరు?... ఠాణాల కూసున్నరా? లోపలనా, బయటనా?... లోపలనే గదా. వాళ్లన్న గూడ వచ్చిండా?... మంచిది. ఆ ఎస్సై మేడంకు అంత చెప్పిండ్రా?... పిట్టగోడలు దాటించుకుంట గల్లీ కొసకు తెచ్చేటప్పుడు ఆ పిల్ల వాచిన చేతికి ఏం తగల్లేదు గదా?... అన్ని తర్వాత చెప్దువు గని, ముందు దానికి నీళ్లు తాపు."

"సారూ... ఎవల గురించి? ఏ పిల్ల సారూ?"

"మీ ఇల్లు మీ ఇష్టం శారదమ్మా. ఇగ గోడ ఎంతెత్తన్న కట్టుకోండి."