పొట్టను నమ్ముకున్నోడు

చైనాతో యుద్ధం ఆగిన చలికాలం అది. ధర్మపురి పద్మశాలీల వాడలో చంద్రవ్వ నోటికి జడవనివారు లేరు. కన్న కొడుకు సంగతి చెప్పే పనే లేదు. ఆ కొడుకు అంబదాసు ఉస్మానియాలో బి.ఏ. చదువుతూ, ఒళ్లు తగ్గించుకోవడానికి నెల సెలవు మీద ఇంటికి వచ్చాడు. పొద్దున్నే గోదావరి దాకా ఉరికొచ్చి, తల్లి రొట్టెలు కొడుతున్న పొయ్యి ముందు రొప్పుతూ కూలబడ్డాడు.

"ఉరికినవా, దొర్లినవా?"

"ఉరికిన అవ్వా. ఇగ షురూ చెయ్యకు."

"నేనేం షురూ చేసిన? సత్తమ్మ అడిగింది, మీ అంబదాసును రోజు పొద్దుగాల ఎవలు తరుముతున్నరు చంద్రవ్వా అని. ఎవ్వలు తరుముతలేరు, ఆని పొట్ట ముందుగాల ఉరుకుతది, ఈడు దాన్ని పట్టుకుందామని ఎంబడి పోతడు అని చెప్పిన."

"సత్తమ్మకేం తెల్సు! డాక్టరు నెల రోజుల్ల తగ్గి రమ్మన్నడు, రేపటితోటి నెల. తగ్గితే మిలిటరీల ఆఫీసర్."

"ఆఫీసరే! చైనోళ్లు వణికిపోతరు తియ్యి. తుపాకి గూడ దండుగ, కొండ మీదికెల్లి నిన్ను దొర్లిస్తె సాలు."

"నవ్వుకో. హాస్టల్ల గూడ గిట్లనే నవ్వుతరు. వాళ్లే నయం, జర ఆగి నవ్వుతరు."

"నవ్వరా మరి? చదువుకో బిడ్డా అని పంపితె పొట్ట పెంచుకొని వచ్చినవు. మీ తాత వాడ పొడుగూత పడుగు కట్టి, గంజి పెట్టుకుంట ఆ కొసకు ఈ కొసకు తిరిగి తిరిగి, సచ్చెదాక పొట్ట అన్నది ఎరుగడు. తగ్గాలంటే పడుగు ఎంబడి నడువు. గోదారి దాక ఉరుకుడెందుకు, వాడవాడంత లేపుడెందుకు?"

"వాడోళ్లు చూడాలె గద."

"ఏంది?"

"ఏం లేదు. రొట్టె ఎయ్యి."

"రొట్టెనా? అన్నం బంద్, పప్పు బంద్, బెల్లం బంద్ అన్నవు. ఒక్క జొన్నరొట్టె తింట, గది గూడ ఎండుది తింట అన్నవు. ఒక్కటని మొదలువెట్టి నిన్న మూడు మింగినవు."

"జొన్నరొట్టెకు ఒళ్లు రాదవ్వా. మా హాస్టల్ల పుస్తకం చదివినోడు చెప్పిండు."

"రాదు, రాదు. తిను."

"గింత మెత్తగ ఎట్లొస్తయి నీ రొట్టెలు?"

"చేతి గుణం. తినేటప్పుడు ముచ్చట్లెందుకు? ఊకె లాగు పైకి గుంజుకుంటున్నవేంది?"

"లాగు నాడ పాతది, ముడి వదులైంది."

"నాడకు గూడ యాష్ట వచ్చింది పాపం. నిన్న సావుకారి దుకాణంల కాంట ఎక్కినవట?"

"ఎక్కిన."

"ఒక్కనివే పోయినవట?"

"ఒక్కన్నే పోయిన. ఊరేగింపు తోటి పోవాల్నా?"

"ఎంతున్నవు?"

"కారం లేదా అవ్వా?"

"నీ ముందలనే ఉన్నది. ఎంతున్నవురా?"

"ఉన్నంత ఉన్న."

"సమ్మక్క మొక్కుకు మనిషెత్తు బెల్లం తూసే కాంట అది. అటు దిక్కు తూకం బాట్లు సరిపోయినయా, సావుకారి అరుగు రాయి గూడ పెట్టిండా?"

"నీకు దండం పెడ్త, తిననియ్యి."

"ఓ అంబదాస్! ఉరుకుడు అయిందా బిడ్డా?"

"లక్ష్మీరాజం పెద్దబాపు పిలుస్తుండు... అయింది పెద్దబాపూ! ఇయ్యాల గోదారి దాక ఆగకుంట పోయిన!"

"శభాష్! రేపు బస్సు కాడికి మన సంఘపోళ్లం అందరం వస్తం. బంతిపూల దండలు చెప్పిన. చంద్రవ్వా, పులిని కన్నవు పో!"

"పులే బావా! మూడు రొట్టెలు తినే పులి!... పోయిండా?"

"పోయిండు."

"థూ! దండలట దండలు. ఆని కొడుకేడున్నడు? కరీంనగర్ల బట్టల దుకాణంల గల్లపెట్టె కాడ కూసున్నడు. ఆని మెడకెయ్యరాదు దండ?"

"చిన్నగ అవ్వా. ఇంటడు."

"ఇననియ్యి. మీ బాపు మెడల గూడ గీ లక్ష్మీరాజమే ఏసిండు. రజాకార్ల మీదికి పోతున్న అన్నడు మీ బాపు, పోయిండు. దండ తీసి అగో ఆ గోడ మొలకు తలిగిచ్చి పోయిండు. దండ ఆడనే ఎండింది. మనిషి రాలే."

"నాకు యాదికి లేదు."

"నీకేం యాదుంటది, దండల పూలు పీక్కుంట ఆడుకున్నవు... సరే తియ్యి. నాకేం ఫికర్ లేదు. నిన్ను తీస్కోరు."

"ఎందుకు తీస్కోరు?"

"తీస్కోరంటె తీస్కోరు. పోతవు, వస్తవు. గా డాక్టరు నిన్ను జూసి, నాయనా నీకు బట్టలు కుట్టాలంటె సర్కారు దివాలా తీస్తది, ఇంటికి పో అంటడు."

"అంత పక్కాగ ఎట్ల చెప్తున్నవు?"

"ఎట్లనా? గీ నెల పొద్దులు నువ్వేం తిన్నవో ఎర్కనా నీకు? యూనివర్సిటీల చదివేటోనివి, చెప్పు."

"జొన్నరొట్టె తిన్న. అంబలి తాగిన."

"జొన్నరొట్టె! సగం పిండి పల్లీలు, నువ్వులు. ఏంచి, ఇసిరి, నెయ్యి పోసి పిసికిన. అంబలిల వెన్న గిలకొట్టిన. ఊకె తిట్టుడు ఎందుకనుకున్నవు? సిగ్గుపడి ఉరుకుడు బంద్ జేస్తవని తిట్టిన. తిట్టిన, పెట్టిన. పెట్టిన, తిట్టిన... కోపానికొస్తే రా. నువ్వు ఆఫీసర్ గాకుంట నేనే చేసిన. మల్ల గూడ చేస్త. నాకు ఒక్కనివి. ఇంకో దండ ఎండుతుంటె చూసుకుంట కూసునే ఓపిక నాకు లేదు."

"మొదటి దినమే తెల్సిందవ్వా."

"ఏం తెల్సింది?"

"నెయ్యి, పల్లీలు. మొదటి బుక్కకే తెల్సింది. జొన్నరొట్టె గింత కమ్మగుంటదా యాడనన్న?"

"తెల్సి మరి ఎందుకు తిన్నవురా!"

"అరువకు. గోడ అవుతల సత్తమ్మ ఉంటది... తినాలెననే తిన్న."

"నాకు సమజ్ అయితలేదు. సక్కగ చెప్పు."

"హాస్టల్ల మీటింగు పెట్టిండ్రు. దేశం కోసం ఎవలొస్తరు అంటే ఎవ్వలు లేస్తలేరు. నన్ను లావోడా లావోడా అనేటోళ్లంత తల దించుకున్నరు. నేను లేసిన. అందరికంటె ముందుగాల చెయ్యి లేపింది నేనే."

"ఎందుకు లేసినవు? ఎవలు లేవమన్నరు నిన్ను?"

"లావోన్ని తీస్కోరు గద! అందరి తోటి శభాష్ అనిపిచ్చుకొని సప్పుడుజేక ఇంటికొస్త అనుకున్న. నా పొట్టను నమ్ముకొని సంతకం పెట్టిన అవ్వా."

"ఓరి నీ తెలివి కాల!"

"గా డాక్టరు తీస్కోం అనలే. తగ్గి రా అన్నడు. ఇంట్ల మూలకు కూసుందమనుకుంటె, బస్సు దిగంగనే పెద్దబాపు దండ ఏసిండు. ఉరుకకుంటె చంద్రవ్వ కొడుకు పిరికోడంటరు. అందుకే వాడ కోసం ఉరికిన. ఇంట్ల నీ నెయ్యి తిన్న."

"హవ్వ! నేను దొంగతనంగ పెట్టుడు, నువ్వు దొంగతనంగ తినుడు. ఇద్దరం బేవకూఫులమే. మొదలే చెప్తె గా వెన్న మీదనే పోసేదాన్ని గదరా! పట్టు, ఇంకోటి తిను. రేపు కడుపు నిండ తిని బస్సెక్కు. డాక్టరు ముందట నిలవడు, లక్షణంగ వాపస్ రా. గా బంతిపూలు మేకలకు ఏద్దాం... ఏమైందిరా? చేతిల రొట్టె చేతిలనే ఉన్నది?"

"భయమైతుందవ్వా."

"భయమేందిరా పిచ్చోడా? తీస్కోరని చెప్పుతున్న గద. నిన్న కాంట మీద ఎంత పెరిగినవో గది చెప్పు ముందుగాల."

"దండలు పడ్డ కాడికెల్లి నిద్ర పడ్తలేదు. కన్ను మూస్తె బాపు కనవడ్తుండు. నువ్వు పెట్టింది ఒక్క బుక్క ఇడువలే, అయినా పెయికి అంటుతలేదు."

"ఎంత పెరిగినవురా?"

"నాడ పాతది గాదవ్వా. డాక్టరు చెప్పిన దానికంటె ఎక్వనే తగ్గిన."