కప్పు వచ్చేదాకా జ్ఞానస్నానం లేదు

ఏప్రిల్ ఇరవై మూడు, మంగళవారం, సాయంత్రం ఏడు గంటల యాభై రెండు నిమిషాలు. గుర్తుంచుకోండి ఫాదర్ గారూ. మీ పుస్తకంలో రాసుకోవడానికి వీల్లేదని నాకు తెలుసు. అందుకే కదా మీ ఆఫీసు గదిలో కుర్చీ వేయించుకోకుండా, ఈ చెక్కజాలీ ఇవతల మోకాళ్ళ మీద కూర్చుని చెబుతున్నాను! ఇక్కడ పాపసంకీర్తనంలో విన్నది మీరు నా కొడుకు చెవిన వేయకూడదు. వేస్తే ఆ పాపం మీదే.

అలా దగ్గకండి. ఆ సమయానికి మీరెక్కడున్నారో కూడా నాకు తెలుసు. స్టేడియంలో, గోలు వెనకాల మూడో వరసలో, మెళ్ళో ఆకుపచ్చ మఫ్లరు. టీవీలో చూపించారు. పక్కింటి హెర్మీనా గోడవతల నుంచి "ఒతీలియా! మన ఫాదర్ గారు ఎగురుతున్నారే!" అని అరిచింది.

ఎగరండి, తప్పేముంది? ముప్పై ఒక్క ఏళ్ళకి మన హ్రాబోవ్నాకి కప్పు వచ్చింది. గోల్‌కీపరు నా కొడుకే. నిజానికి అందరికంటే ముందు నేనే ఎగరాలి. కానీ ఈ సీజను నన్ను ఏడిపించినట్టు, ఓడిపోయిన జట్ల తల్లుల్ని కూడా ఏడిపించి ఉండదు.

మొదటినుంచీ చెబుతాను. తొందరపడకండి, వెనకాల ఇద్దరే ఉన్నారు.

సెప్టెంబరులో నా మనవడు పుట్టాడు, దామియాన్. అదే వారం ఐస్ హాకీ మొదలైంది. మా బ్లాజెయ్ అప్పటికి నాలుగేళ్ళుగా జట్టులో రెండో గోల్‌కీపరు. రెండో గోల్‌కీపరంటే ఏం పనండీ? మంచు పక్కన బల్ల మీద కూర్చుని, లోపలికీ బయటికీ పోయేవాళ్ళకి తలుపు తీసి వేయడం. జట్టూ అలాంటిదే. మన 'దుప్పులు' జట్టు ఈ ఏడాది అట్టడుగున ఉంటుందని పేపర్లన్నీ రాశాయి. రాశాయా లేదా?

అలాంటి జట్టులో, కొడుకు పుట్టాడని డ్రెస్సింగ్ రూములో సీసాలు తిప్పుకున్నారట. ఆ మత్తులో మావాడు బల్లెక్కి శపథం పట్టాడు. కప్పు గెలిచినప్పుడే పిల్లాడికి జ్ఞానస్నానం, అదీ ఆ కప్పులో నీళ్ళతోనే అని! అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారట.

నేనూ నవ్వాను. మార్చి మొదట్లో ఓడి ఇంటికొస్తారు, ఈస్టరుకి పిల్లాడి తల మీద నీళ్ళు పడతాయి, తాగి అన్న మాట ఎన్నాళ్ళుంటుందిలే అనుకున్నాను.

డిసెంబరులో మొదటి గోల్‌కీపరు మోకాలు పోయింది. మావాణ్ణి మంచు మీదికి దింపారు. ఇంక చూసుకోండి! ఆ నల్ల రబ్బరు బిళ్ళ మావాణ్ణి దాటితే ఒట్టు. వరసగా తొమ్మిది ఆటలు. చేపల దుకాణంలో నాకు వరస లేకుండా ముందు తూచి ఇచ్చేవారు, బ్లాజెయ్ తల్లినని. మార్చి వచ్చేసరికి ఊళ్ళో మగాళ్ళందరూ గడ్డాలు పెంచేశారు. గెలుస్తున్నన్నాళ్ళూ కత్తెర తగలకూడదట.

తాగి అన్న మాట కాస్తా మొక్కయి కూర్చుంది. "అమ్మా, ఇప్పుడు వాణ్ణి గుడికి తీసుకెళ్తే జట్టుకి అచ్చిరాదు" అంటాడు! జ్ఞానస్నానం అచ్చిరాదట! నా కడుపున పుట్టినవాడే ఆ మాట అన్నాడు!

మీ దగ్గరికి ఏడుస్తూ వచ్చాను. మీరేమన్నారు? "నీళ్ళు నీళ్ళే కదా ఒతీలియమ్మ గారూ, ఏ గిన్నెలో ఉంటేనేం? దేవుడు కంగారుపడడు, మీరూ పడకండి" అన్నారు. ఫాదర్ గారూ, ఆ కప్పులోంచి వాళ్ళు బీరు తాగుతారు!

పైగా ఈస్టరు ముందు తపస్సుకాలంలో, క్వార్టర్ ఫైనల్ ఉన్న శుక్రవారం, సిలువమార్గాన్ని మధ్యాహ్నం మూడింటికి జరిపారు. పద్నాలుగు స్థలాలూ ఇరవై నిమిషాల్లో ముగించారు. ప్రభువు మూడుసార్లు పడిపోతే మీరు రెండుసార్లే పడనిచ్చారు. నేను చూస్తూనే ఉన్నాను. పెద్దలు కదా అని నోరు మూసుకున్నాను.

నాది చాదస్తమనే అనుకోండి. మా అనేష్కా సంగతి మీకు తెలియదు. మీ ముందున్న ఫాదర్ గారికి తెలుసు, ఆయన ముందాయనకీ తెలుసు. మా ఇంట్లో చచ్చిపోయినవాళ్ళని గుర్తుపెట్టుకునే పని నాదే కనుక నేనే చెప్పాలి.

మా మొదటి బిడ్డ. కమ్యూనిస్టు పార్టీ రోజులు. మా ఆయన వావ్రినెత్స్ బళ్ళో మాస్టారు. ఊళ్ళో గుడికి బిడ్డనెత్తుకెళ్తే మర్నాడే ఉద్యోగం ఊడేది. కొండవతల గుడిలో మాకు తెలిసిన ఫాదర్ ఉన్నారు. హెడ్మాస్టరు ఊళ్ళో లేని ఆదివారం చూసుకుని బస్సులో వెళ్దామన్నారు. సరేనన్నాను. ఆ ఆదివారం కోసం ఆగాం. శనివారం పొద్దున లేచి చూస్తే ఉయ్యాల్లో బిడ్డ చల్లగా ఉంది. పదకొండు రోజులు బతికింది.

ఏ జ్వరమూ లేదు, ఏమీ లేదు. చేతికందేంత దూరంలో చెంబెడు నీళ్ళున్నాయి ఫాదర్ గారూ. ఆగాం.

దేవుడి దయ పెద్దదంటారు. నమ్ముతాను. నమ్మి నలభై ఏడేళ్ళుగా ఆ బిడ్డ పేరు చెప్పి పూజ పెట్టిస్తున్నాను. కానీ "ఆగుదాం" అని ఎవరన్నా అంటే నాకు కాళ్ళలో చలి పుడుతుంది. బ్లాజెయ్‌కి ఈ కథ తెలుసు. అక్క ఫోటో కూడా లేదని వాడికి తెలుసు. అయినా ఆగుదామన్నాడు.

జనవరిలో పిల్లాడికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఐదు రోజులు ఆసుపత్రి. లోపల కోడలు తామారా ఒక్కతే ఉండాలన్నారు. నన్ను రానివ్వలేదు. నేను బ్లాజెయ్‌కి ఫోన్ చేసి, "ఒరే, ఇప్పుడన్నా ఒప్పుకో, ఫాదర్ గారిని ఆసుపత్రికి పిలుస్తాను" అన్నాను. వాడు ఎక్కడో వేరే ఊళ్ళో, ఆటకీ ఆటకీ మధ్య బస్సులో ఉన్నాడు. "డాక్టరు ప్రమాదం లేదన్నాడమ్మా. వరసగా గెలుస్తున్నాం, చెడగొట్టకు" అని పెట్టేశాడు.

చెడగొట్టేది నేనట!

అప్పటినుంచి నేనొక పని మొదలుపెట్టాను. ఇది పాపమో కాదో మీరే తేల్చాలి. అవతలి జట్ల కోసం ప్రార్థించడం మొదలుపెట్టాను.

నవ్వుతున్నారా? జాలీలోంచి వినబడుతోంది.

మనవాళ్ళు ఓడాలని అడగలేదు, ఆ మాట నా నోటికి రాలేదు. సీజను ముగించు తండ్రీ అన్నానంతే. పునీత అంతోని వారి పీఠం దగ్గర కొవ్వొత్తి వెలిగించేదాన్ని. సెమీఫైనల్లో అవతలి గోల్‌కీపరుకి చిన్నప్పుడే తల్లి పోయిందని పేపర్లో చదివి, పాపం అతనికెవరున్నారు అని పది మంగళవార్త జపాలు చెప్పాను. ఏమైంది? ఆ కుర్రాడికి నాలుగు గోల్స్ పడ్డాయి. మావాడికి ఒక్కటీ పడలేదు. నేను ఎవరి కోసం జపమాల తిప్పితే వాళ్ళు మట్టికరిచారు. ఈ సంగతి జట్టుకి తెలిస్తే నాకు జీతమిచ్చి పెట్టుకునేవాళ్ళు!

అలా ఫైనల్ దాకా వచ్చింది. ఏడాటల్లో నాలుగు గెలిచినవాళ్ళది కప్పు. చెరి మూడు గెలిచారు. ఆఖరి ఆట మంగళవారం.

సోమవారం భోజనాల దగ్గర అడిగాను.

"ఒరే బ్లాజెయ్, రేపు ఓడితే?"

"ఆ మాట నోట రానివ్వకమ్మా!" అని బల్ల చెక్క మీద మూడుసార్లు కొట్టాడు.

"ఓడితే ఆదివారం పిల్లాణ్ణి గుడికి తీసుకెళ్దామా అంటున్నాను."

"ఓడితే వచ్చే ఏడాది. మాటంటే మాటే."

"వచ్చే ఏడాదికి వాడు నడిచి వెళ్తాడురా గుడికి!"

"మంచిదేగా, నువ్వు మొయ్యక్కర్లేదు."

తామారా తల వంచుకుని రొట్టె ముక్కలు ఏరుతోంది. ఈ పిల్ల ఎప్పుడూ ఇంతే, ఏమీ అనదు.

అప్పుడు నాకు వెలిగింది. వాళ్ళు గెలిస్తే బీరు కప్పు. ఓడితే ఇంకో ఏడాది. మరి నేను ఎవరి కోసం ప్రార్థించాలి? చెప్పండి, దేవుణ్ణి ఏమని అడగాలి? డెబ్బై ఏళ్ళ జీవితంలో మొదటిసారి జపమాల చేతిలో పెట్టుకుని ఏం అడగాలో తెలియక ఊరికే కూర్చున్నాను.

మంగళవారం ఊరు ఊరంతా స్టేడియంలో ఉంది. తామారా కూడా వెళ్ళింది. నేనూ పిల్లాడూ వంటింట్లో. ఆట సమమై అదనపు సమయంలోకి వెళ్ళింది. ఎవరు ముందు గోలు కొడితే వాళ్ళదే. పక్కింటి టీవీలోంచి అన్నీ వినబడుతున్నాయి. దామియాన్ బల్ల మీద కూర్చుని గరిటె కొరుకుతున్నాడు. జ్వరం లేదు, జలుబు లేదు. ప్రాణం మీదికొస్తే ఎవరైనా పోయవచ్చని నాకు తెలుసు. లేనప్పుడు పోయకూడదనీ తెలుసు. తెలిసే చేశాను. అది రాసుకోండి. రాయలేరు కదూ, మర్చిపోయాను.

కుళాయి నీళ్ళు గ్లాసులో పట్టాను. చల్లగా ఉంటాయని కొంచెం వేణ్ణీళ్ళు కలిపాను. పిల్లాణ్ణి ఎడమ చేతి మీద వెనక్కి వాల్చాను. "దామియాన్, పితయొక్కయు, పుత్రునియొక్కయు, పవిత్రాత్మయొక్కయు నామమున నీకు జ్ఞానస్నానము ఇచ్చుచున్నాను." మూడుసార్లు పోశాను. వాడు గరిటె వదల్లేదు.

మూడోసారి నీళ్ళు ఇంకా వాడి చెవి మీంచి జారుతూనే ఉన్నాయి, ఊరంతా ఒక్కసారి బద్దలైంది. అరుపులు, కార్ల హారన్లు, టపాకాయలు. మనవాళ్ళు గోలు కొట్టారు. పిల్లాడు ఉలిక్కిపడి అప్పుడేడ్చాడు. గోడ మీద గడియారం చూశాను. ఏడూ యాభై రెండు.

ఇంతలో మీ గుడి గంటలు కూడా మొదలయ్యాయి! హాకీకి గంటలు కొట్టమని ఎవరు చెప్పారండీ మీ వాళ్ళకి? ఆ గంటలు విని నేను, ముసలిదాన్ని, ఏమనుకున్నానో తెలుసా? ఇవి నా కోసమే అనుకున్నాను. అంతోని వారు ఇన్నాళ్ళూ నా మాట తిప్పికొట్టింది ఇందుకేననీ, నేను ఆ నీళ్ళు పోసేదాకా దేవుడే ఆ గోలు ఆపి ఉంచాడనీ అనుకున్నాను. మనవణ్ణి కాపాడాను, కప్పు గెలిపించాను! వాడి తడి నెత్తి తుడుస్తూ వంటింట్లో ఒక్కదాన్నీ గర్వంతో నవ్వుకున్నాను ఫాదర్ గారూ. బ్లాజెయ్ మొక్కు సరిగ్గా ఆ నిమిషానికే విరిగింది, ఆ నిమిషానికే వాడు గెలిచాడు. అది తెలిసినదాన్ని భూమ్మీద నేనొక్కదాన్నే.

మర్నాడు పొద్దున ఆ కప్పు మా వంటింటి బల్ల మీద ఉంది. లోపల రెండు సిగరెట్టు పీకలు. మావాడు బూట్లతోనే సోఫాలో పడి నిద్రపోతున్నాడు. మధ్యాహ్నానికి జట్టంతా భోజనానికొస్తున్నారు. నేనూ తామారా క్యాబేజీ తరుగుతున్నాం. నా కడుపులో మాట ఆగలేదు.

"తామారా, నేనొక పని చేశానమ్మా. నువ్వు కోప్పడినా సరే." చెప్పాను.

ఆ పిల్ల కత్తి కింద పెట్టింది. ఒకసారి సోఫా వైపు చూసింది. గొంతు తగ్గించి, "అత్తయ్యా, మీరు పోసింది రెండోసారి" అంది.

జనవరిలో, ఆసుపత్రిలో, రెండో రోజు పిల్లాడి పెదాలు నీలంగా మారాయట. అక్కడ నర్సుగా పనిచేసే ఒక కన్యాస్త్రీ పోసిందట. తామారానే అడిగి పోయించింది. డాక్టరు ఆ మాట తర్వాత అన్నాడు, ప్రమాదం లేదని.

"మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"మీ ముఖం ఏదీ దాచుకోలేదు అత్తయ్యా. మీరు సంతోషంగా కనబడితే ఆయనకి తెలిసిపోయేది. తెలిస్తే గోలులో చెయ్యి వణికేది. నాలుగేళ్ళు తలుపు తీసిన మనిషి."

చూశారా? అసలు పాపం ఇప్పుడు చెబుతున్నాను, వినండి. నీళ్ళు పోయడం కాదు. అవతలి జట్టుకి జపాలు కాదు. పిల్లాడు జనవరి నుంచీ దేవుడి బిడ్డేనని తెలిసినప్పుడు నేను మోకాళ్ళ మీద పడి స్తోత్రం చెప్పాలి కదా? చెప్పలేదు. కోపమొచ్చింది. మూడు నెలలు నన్ను ఊరికే ఏడవనిచ్చావా అని. నేను కాపాడింది ఏమీ లేదా అని. ఆ పసివాడు క్షేమంగా ఉన్నందుకు కాదు, నా వల్ల కానందుకు కుళ్ళుకున్నాను. ఇంకా ఉందండీ ఆ కోపం. ఇదిగో, ఇక్కడ.

ఇంక ఈ ఆదివారం ఆ కప్పులో నీళ్ళతో పెట్టుకున్న జ్ఞానస్నానం సంగతి మీరే చూసుకోండి. నేను చెప్పింది మీరు వాడుకోకూడదు. తామారా వచ్చి మీ ఆఫీసులో చెబుతుందో లేదో నాకు తెలియదు, ఆ పిల్ల ఏమీ అనదని ముందే చెప్పాను. టీవీ వాళ్ళు కూడా వస్తారట. మనిషికి జ్ఞానస్నానం ఒక్కసారే కదా, మూడోసారి పోస్తారో, ఉత్తుత్తినే గాల్లో చెయ్యి తిప్పుతారో, మీ చదువు మీది.

మేం ఆ పొద్దున ఏం చేశామంటారా? ఏం చేస్తాం! పది గంటలకి బ్లాజెయ్ లేచొచ్చాడు, కళ్ళు ఉబ్బి, గడ్డం నిండా బీరు వాసన. పిల్లాణ్ణి ఎత్తుకుని గాల్లో ఎగరేశాడు. బల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయ వేసిన గుడ్లు తింటూ, "చూశావా అమ్మా, నువ్వు నమ్మలేదు. నా మొక్కే గెలిపించింది. అవునా కాదా?" అన్నాడు.

నేను తామారా వైపు చూశాను. తామారా నా వైపు చూసింది.

"అవున్రా" అన్నాను. "అవునండీ" అంది. ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది.

వాడు ఇంకో రెండు గుడ్లు అడిగాడు. వేసిపెట్టాం.