లేని బటన్

మాట పడిపోయిన తండ్రి కోసం తమ్ముడు నెల రోజులు తంటాలు పడి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. ల్యాప్‌టాప్ తెర మీద, నొక్కితే ఏం కావాలో పలికే నాలుగు పెద్ద బటన్లు పెట్టాడు.

"మందు తెచ్చినప్పుడల్లా నాన్న మూలనున్న ఇంటు మార్కు నొక్కి విండో మూసేస్తున్నాడురా."

"చెయ్యి వణికి తగిలుంటుందక్కా."

"రోజుకు మూడుసార్లా? నీళ్లు, అన్నం, మందు, దుప్పటి... అన్నీ పెట్టావు. 'వద్దు' ఏదీ?"

"అది చెయ్యడం ఇంకా రాలేదు."

"నాలుగు చేసినవాడికి ఐదోది రాలేదా? నా చెవిలో పువ్వులు పెట్టకు."

అబద్ధం అతికినట్టు లేదని వాడికీ తెలుసు.

"పెడితే మందు వద్దంటాడక్కా. మానేస్తే బతకడు."

"పెట్టు. ఆయన వద్దన్నాక కూడా నోట్లో పోసే ధైర్యం నీకుందో లేదో చూస్తాను."