సూర్యుడి మీద ఎర్ర లైటు

"మీ రాజ్యశ్రీకి బీజింగ్‌లో విలేకరి ఉద్యోగమా? ఎల్లుండే ప్రయాణమా? కూర్చోండి ఏడుకొండలు గారూ, ముందు టీ తాగండి. పదేళ్ళు చైనా వార్తలు రాసినవాణ్ణి, నేను చెబుతా వినండి.

మొదట్లో ఏముందండీ, చిన్న సంగతే. ఓ బట్టల మిల్లు ఓనరు ప్రెస్‌మీట్ పెట్టాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనొక్కణ్ణే లేచి 'మిల్లు ఎందుకు మూసేశారండీ?' అన్నాను. హాలంతా గప్‌చుప్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బయటికొస్తే నా వెనకాలే గొడుగేసుకుని ఒకడు. వాన లేదు!"

"అమ్మో," అన్నాడు కూతురి కోసం మంగళగిరి నుంచి ఈ టీ కొట్టుకి, కృపానందం సలహాకి వచ్చిన ఏడుకొండలు.

"అప్పుడే అమ్మో అంటే ఎలాగండీ! మర్నాడు హోటల్‌కెళ్ళాను. నేను నూడుల్స్ నోట్లో పెట్టుకుంటే హోటలంతా పెట్టుకుంది, నేను ఆపితే ఆపింది. అందరూ నాకోసం వచ్చినవాళ్ళే! రైలెక్కాను. నేను దిగితే రైలు మొత్తం దిగింది, డ్రైవరుతో సహా. పోనీ వాళ్ళ నాటకం చూద్దామని వెళ్ళానా, ముఖాలకి రంగులేసుకున్న రాజూ, రాణీ, సేనాపతీ పాట ఆపేసి, స్టేజి దిగొచ్చి నా పక్కన కూర్చున్నారు. ఒక్కరూ మాట్లాడరు. నా ఊపిరి నాకే వినిపిస్తోంది."

ఏడుకొండలు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "మా పిల్ల ఒక్కతే వెళ్తోందండీ, కృపానందం గారూ..."

"అందుకేగా చెబుతున్నాను! చివరికి పార్టీ మీటింగులో ఓ పెద్దాయన నా చెవి దగ్గరికి వంగి 'దొండకాయ వేపుడు' అన్నాడు. తెలుగులో! ఆ పొద్దున మా ఆవిడ ఫోన్లో చెప్పిన కూరండీ అది. పట్టపగలు రోడ్డు మీద పరిగెత్తాను. తలెత్తి చూస్తే సూర్యుడి మీద చిన్న ఎర్ర లైటు, మిణుకుమిణుకుమంటోంది. రికార్డింగు!"

ఏడుకొండలు ఫోన్ తీశాడు. "వద్దండీ, మానిపించేస్తాను."

టీ కొట్టు రూతు వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. "ఆగండి అన్నగారూ. పేపర్లో 'బీజింగ్ నుంచి' అని పడేది నిజమే. ఈయన మాత్రం గుణదలలో ఈ మేడ మీదే కూర్చుని ఇంగ్లీషు వార్తలు తెలుగులోకి రాసేవారు. పదేళ్ళూ పైకి టీ పంపింది నేనే. నిజంగా పంపుతామని ఆఫీసువాళ్ళు ఒకసారి టికెట్ తీశారు. గన్నవరం ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళి, భయమేసి, సూట్‌కేసుతో తిన్నగా ఈ బల్ల దగ్గరికే వచ్చారు."

కృపానందం ఖాళీ గ్లాసులోంచే ఇంకో గుక్క తాగాడు. ఏడుకొండలు అయినా కూతురికి ఫోన్ చేశాడు.

"ఏం లేదమ్మా. నాకు భయంగానే ఉంది. నీకూ భయమేస్తే రోజూ ఫోన్ చెయ్యి. గన్నవరం నుంచి మాత్రం వెనక్కి రాకు."